మంచుపై జారే చెక్క : స్కీ, స్నోబోర్డుల స్వహస్త నిర్మాణం

తెలుగునాట పుట్టి పెరిగిన మనకు మంచు అంటే తెల్లవారుజామున గడ్డిపరకల కొనల మీద మెరిసే బిందువులే. ‘ఆంధ్రా కాశ్మీరు’గా పేరుపొందిన లంబసింగిలో సైతం చలికాలపు ఉదయాలలో నేల తెల్లబడుతుందే కాని, మనిషి మోకాలి లోతున కూరుకుపోయే మంచు ఎన్నడూ పేరుకోదు. అట్టి మంచు ఏటా ఐదారు నెలలపాటు దారులను, పొలాలను, ఇళ్ళ గడపలను కప్పివేసే దేశాలు ఉన్నాయి. ఆ దేశాలలో వేటకు పోవాలన్నా, పొరుగు పల్లెకు మందు కోసం పోవాలన్నా మానవునికి అడ్డువచ్చినది ఆ మంచే. ఆ అడ్డును దాటడానికి అతడు కనిపెట్టిన సాధనం కాళ్ళకు కట్టుకొనే రెండు పొడవాటి చెక్కలు. వాటినే స్కీలు అంటారు. రెండు పాదాలనూ ఒకే వెడల్పాటి పలక మీద అడ్డంగా నిలిపి జారేది స్నోబోర్డు.

నేడు ఇవి కర్మాగారాలలో తయారై ఎంతో ఖరీదుకు అమ్ముడుపోతున్నాయి. అయినప్పటికీ వీటిని తమ ఇంటి కొట్టంలో, తమ చేతులతో తయారుచేసుకొనేవారు ఐరోపా, అమెరికా ఖండాలలో నేటికీ ఉన్నారు. ఆ నిర్మాణ విధానాన్ని విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మనకు మంచు లేదు కదా, ఈ విద్య మనకెందుకు అనే ప్రశ్న సహజం. భౌతికశాస్త్రంలో చదివే దూలం వంగుడు, రసాయనశాస్త్రంలో చదివే బహ్వణువులు, వడ్రంగి ఎరిగిన చెక్క పొరల దిశ, ఈ మూడూ ఒకే వస్తువులో ఒకచోట కలిసే ఉదాహరణలు అరుదు. పైగా చేసినవాని కాలే ఆ వస్తువు మీద నిలుస్తుంది కనుక, పని తప్పితే తీర్పు చెప్పడానికి వేరొక పరీక్షకుడు అక్కరలేదు.

పూర్వ చరిత్ర

స్కీ చక్రంతో పోటీపడదగినంత ప్రాచీనమైనది. ఉత్తర స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్ వద్ద 1924లో బయల్పడిన స్కీలు సుమారు 5,200 సంవత్సరాల నాటివని పరిశోధకులు నిర్ణయించారు. వాటితోపాటు దొరికిన ఊతకర్ర ఒక కొన పారవలె మలచబడి ఉన్నది. నార్వేలోని డిగెర్‌వార్డెన్ పర్వతం మీద కరుగుతున్న హిమం నుండి 2014లో ఒక స్కీ బయటపడింది. దాని జత 2021లో అక్కడికి ఐదు మీటర్ల దూరంలోనే లభించింది. అవి సుమారు 1,300 సంవత్సరాల నాటివి. 2021లో దొరికినదాని పొడవు 187 సెంటీమీటర్లు. ఈ జతలో మనలను ఆలోచింపజేసే విశేషం ఒకటున్నది. వాటిపై మరమ్మతు చేసిన గుర్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంటే ఆ వేటగాడు తన స్కీ చెడితే పారవేయలేదు. చెడిన కారణాన్ని గ్రహించి తానే బాగుచేసుకొన్నాడు. నిర్మాణం, వినియోగం, మరమ్మతు ఒకే చేతిలో ఉన్న కాలమది.

మధ్య ఆసియాలోని ఆల్టాయ్ పర్వత ప్రాంతంలో నేటికీ స్ప్రూస్ కలపను చెక్కి స్కీలు చేస్తారు. వాటి అడుగున గుర్రపు తోలును వెంట్రుకలతో సహా బిగిస్తారు. వెంట్రుకల కొనలు వెనుకకు వాలి ఉండడంవల్ల ముందుకు జారేటప్పుడు అవి అణిగి దారి ఇస్తాయి. కొండ ఎక్కేటప్పుడు వెనుకకు జారబోతే నిక్కి మంచును పట్టుకొంటాయి. పిల్లి వీపును ఏ వైపుకు నిమిరితే ఏమవుతుందో ఎరిగినవారికి ఈ సూత్రం వేరుగా చెప్పనక్కరలేదు. తుర్కియేలోని రిజే ప్రాంతపు కొండ పల్లెలలో ఒక పలక, ఒక తాడు, ఒక కర్ర, ఈ మూడింటితోనే నిలబడి మంచుపై జారే ఆచారం తరతరాలుగా ఉన్నది. అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ లోయలో కొనే స్తోమతు లేని యువకులు చెక్కతో సొంతంగా స్కీలు చేసుకొని జారడం ఇటీవలి సంవత్సరాలలో లోకం చూసింది.

ఆధునిక స్కీకి రూపమిచ్చినవాడు నార్వేలోని టెలిమార్క్ ప్రాంతానికి చెందిన సోండ్రె నోర్‌హైమ్. 1825లో పుట్టిన ఈ పేద రైతు స్కీని నడుము వద్ద సన్నగా, కొనల వద్ద వెడల్పుగా మలచాడు. మెలిపెట్టిన సన్నని కొమ్మలతో మడమను బిగించే కట్టు కల్పించాడు. ఆ రెండు మార్పులతో స్కీ మలుపు తిరగడం నేర్చింది. 1920లలో ఆస్ట్రియాకు చెందిన రుడోల్ఫ్ లెట్నర్ చెక్క అంచులకు ఉక్కు బద్దలు బిగించి గట్టి మంచుమీద పట్టు సాధించాడు. 1930లలో తేమకు చెడని జిగురు రావడంతో పలుచని చెక్కలను పొరలుగా అతికించిన స్కీలు వ్యాప్తిలోకి వచ్చాయి.

అమెరికాలో విమాన నిర్మాణశాలలో పనిచేసిన హోవర్డ్ హెడ్ అనే ఇంజనీరు 1947లో అల్యూమినియం రేకుల నడుమ తేలికైన పదార్థాన్ని ఉంచి స్కీలు చేయడం ఆరంభించాడు. గాలి తీసివేసిన రబ్బరు సంచిలో వాటిని ఉంచి, కార్ల నుండి తీసిన పాత నూనెను కాచి అందులో ఉడికించాడని చెబుతారు. మొదట చేసినవన్నీ విరిగిపోయాయి. విరిగిన ప్రతి స్కీనీ పరిశీలించి, ఆ చోటును బలపరచి, మరొకటి చేశాడు. చివరకు 1950లో నిలిచిన నమూనా స్కీ పరిశ్రమ గతినే మార్చివేసింది.

స్నోబోర్డు చరిత్ర కూడా ఇంటి కొట్టంలోనే మొదలైంది. 1965 క్రిస్మస్ నాడు మిచిగాన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ తన కుమార్తెల ఆట కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించాడు. అదే ‘స్నర్ఫర్’ అయింది. దానితో ఆడుకొని పెరిగిన జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో వెర్మాంట్ రాష్ట్రంలో పలకల తయారీకి పూనుకొని, తృప్తికరమైన రూపం కుదిరేలోగా సుమారు నూరు నమూనాలు చేశాడు. 1998లో జపాన్‌లోని నగానోలో స్నోబోర్డు ఒలింపిక్ క్రీడ అయింది. చిన్నపిల్లల ఆటవస్తువు ముప్పైమూడేళ్ళలో ఒలింపిక్ వేదిక ఎక్కింది.

స్కీ పనిచేసే విధం

అరవై కిలోల బరువున్న మనిషి బూట్లతో మంచుపై నిలిస్తే ఆ బరువు దాదాపు 400 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 150 గ్రాములు. అదే మనిషి 170 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు గల రెండు స్కీల మీద నిలిస్తే వైశాల్యం 3,060 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఒత్తిడి 20 గ్రాములకు దిగుతుంది. ఏడు రెట్లకు పైగా ఒత్తిడి తగ్గినందువల్లనే అతడు కూరుకుపోడు.

అయితే మధ్యలో నిలిచిన మనిషి బరువు కొనల దాకా ఎలా చేరుతుంది? మన పల్లెల్లో కావడి బద్దను గమనించినవారికి దీని రహస్యం తెలుస్తుంది. కావడి బరువుకు వంగుతుంది, అడుగుకు లేస్తుంది, కాని విరగదు. స్కీ నడుమ భాగం నేలకు తగలకుండా కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచి విల్లువలె వంగి ఉంటుంది. మనిషి ఎక్కగానే ఆ విల్లు చదునవుతూ తన బిగువుతో బరువును రెండు కొనలకూ పంచుతుంది. బిగువు తక్కువైతే కొనలు తేలిపోతాయి, ఎక్కువైతే స్కీ వంగక మలుపు తిరగదు.

ఒకే చెక్కతో చేసిన దూలపు బిగువు దాని మందం ఘనాన్ని బట్టి మారుతుందని ప్రయోగశాలలో యంగ్ గుణకం కనుగొనే విద్యార్థులకు తెలుసు. 10 మిల్లీమీటర్ల మందాన్ని 12 చేస్తే మందం పెరిగింది ఐదవ వంతే, కాని బిగువు 1.7 రెట్లు దాటుతుంది. కనుక చిత్రిక పట్టేటప్పుడు అర మిల్లీమీటరు తేడా కూడా అల్పమైనది కాదు. మనం ప్రయోగశాలలో కొలబద్దకు తూనికరాళ్ళు వేలాడదీసి కొలిచే వంగుడే అక్కడ కొండవాలు మీద ఒక మనిషి మలుపును నిర్ణయిస్తుంది.

మలుపుకు కారణం నడుము వంపు. స్కీని పక్కకు వాల్చినప్పుడు సన్నని నడుము మంచును తాకేదాకా స్కీ వంగి, అంచు ఒక వృత్తఖండమవుతుంది. ఆ వృత్తపు వ్యాసార్ధాన్ని సులభంగా లెక్కించవచ్చు. ముందు వెడల్పు 12.4, నడుము 7.8, వెనుక 11.2 సెంటీమీటర్లు అనుకొందాం. రెండు కొనల సగటు 11.8. దాని నుండి నడుము తీసివేస్తే 4. అందులో సగం, అంటే ఒక్కొక్క వైపు వంపు లోతు 2 సెంటీమీటర్లు. మంచును తాకే అంచు పొడవు 160 సెంటీమీటర్లయితే, ఆ పొడవు వర్గాన్ని లోతుకు ఎనిమిది రెట్లతో భాగించాలి. 25,600ను 16తో భాగిస్తే 1,600 సెంటీమీటర్లు. అంటే 16 మీటర్లు. జ్యామితిలో జ్యాకు, చాపానికి గల సంబంధమే ఇది. కొనేవాడు అంగడిలో ఉన్నది తీసుకొంటాడు. చేసేవాడు తనకు కావలసిన మలుపును కాగితం మీద ముందే నిర్ణయించుకొంటాడు.

పదార్థాలు

ఆధునిక స్కీని నిలువుగా కోసి చూస్తే అది పలు పొరల కూర్పుగా కనిపిస్తుంది. అన్నిటికంటె కింద పాలిథిలీన్ అడుగు పలక ఉంటుంది. సుమారు ఒకటింపావు మిల్లీమీటర్ల మందం గల ఈ ప్లాస్టిక్కు అణుభారం చాలా ఎక్కువ. నీరు దీనిని అంటదు, మైనం మాత్రం పట్టుకొంటుంది. నీటినే అంటనివ్వని పదార్థానికి జిగురు అంటడం కూడా కష్టమే. అందువల్ల పైకి వచ్చే ముఖాన్ని మంటతో శుద్ధిచేసిన పలకలనే కొంటారు, లేదా ఆ ముఖాన్ని గరుకుచేసి సన్నని మంటను దానిపై వేగంగా నడుపుతారు.

అడుగు పలక చుట్టూ సుమారు రెండు మిల్లీమీటర్ల ఉక్కు అంచు ఉంటుంది. లోపలి వైపు దీనికి చిన్న చిన్న దంతాలుంటాయి. అవి పొరల మధ్య ఇమిడి అంచును ఊడిపోకుండా పట్టుకొంటాయి. ఉక్కుపై మిల్లీమీటరులో నాలుగవ వంతు కూడా లేని రబ్బరు పట్టీని పరుస్తారు. ఉక్కు, గాజునార వేడికి, చలికి ఒకే విధంగా సాగవు, ముడుచుకోవు. వాటి మధ్య తగవు తీర్చే మధ్యవర్తి ఈ రబ్బరే.

తరువాతిది గాజునార వస్త్రం. స్కీ పొడవునా కొన్ని పోగులు, దానికి అటు ఇటు 45 డిగ్రీల కోణంలో మరికొన్ని పోగులు ఉండే వస్త్రాన్ని ఎన్నుకొంటారు. పొడవు పోగులు వంగుడును, ఏటవాలు పోగులు మెలితిరుగుడును అదుపు చేస్తాయి. ఇటువంటి వస్త్రం మధ్య చెక్కకు కింద ఒకటి, పైన ఒకటి ఉంటుంది. స్కీ వంగినప్పుడు ఒక పొర సాగుతుంది, మరొకటి నొక్కుకొంటుంది. ఆ రెండింటినీ ఎడంగా నిలిపి, ఒకదానిపై ఒకటి జారిపోకుండా కాపాడేది మధ్య చెక్క.

ఈ మధ్య చెక్కే స్కీకి ప్రాణం. యాష్, మేపుల్, పాప్లర్, ఆస్పెన్ కలపలు ఇందుకు ప్రసిద్ధమైనవి. బరువు తగ్గించదలచినవారు పాలోనియాను వాడతారు. మన అడవులలో పెరిగే వెదురు వంటి వెదురును కూడా కొందరు నిర్మాతలు బద్దలుగా చీల్చి, అతికించి వాడుతున్నారు. మేదరి చేతిలో బుట్టగా, తట్టగా మారే బద్దలోని సాగుగుణమే అక్కడ స్కీకి పనికివస్తున్నది. ఒకే వెడల్పాటి పలకను వాడక, సన్నని బద్దలను నిలువుగా పక్కపక్కన అతికిస్తారు. ఒక బద్దలో ముడి ఉన్నా, పొర వంకర ఉన్నా పక్క బద్ద దాన్ని ఆదుకొంటుంది. కలప బాగా ఆరినదై ఉండాలి. తేమ ఉన్న చెక్క మీద జిగురు నిలవదు.

మధ్య చెక్క పక్కలకు గట్టి ప్లాస్టిక్ గోడలు అతికిస్తారు. పైన రంగు, బొమ్మ గల నైలాన్ పొర వస్తుంది. స్నోబోర్డుకైతే కాలికట్టు బిగించడానికి ఆరు మిల్లీమీటర్ల మరలకు సరిపడే స్టెయిన్‌లెస్ ఉక్కు దిమ్మెలను చెక్కలో ముందే పొదుగుతారు. స్కీకి కాలికట్టు వచ్చే చోట గాజునార అదనపు పొర వేస్తారు.

వీటన్నిటినీ ఒకటి చేసేది ఎపాక్సీ జిగురు. ఇందులో రెండు ద్రవాలు ఉంటాయి. ఒకటి రెజిన్, రెండవది గట్టిపరచేది. రెండవదాన్ని ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. అది కేవలం వేగం పెంచే ఉత్ప్రేరకం కాదు. రెజిన్ అణువులతో తానే చేతులు కలిపి వలవలె అల్లుకొనే భాగస్వామి. ఏది ఎక్కువైనా జతలేని అణువులు మిగిలి జిగురు మెత్తగా ఉండిపోతుంది. కనుక తయారీదారు చెప్పిన నిష్పత్తిని సున్నితమైన తక్కెడతో తూచి కలపాలి.

పనిముట్లు, పనిశాల

మన వడ్రంగి సంచిలో ఉలి, బాడిస, రంపం, చిత్రికలతోపాటు ఉర్దూ మీదుగా వచ్చిన రందా, బర్మాలు కూడా ఉంటాయి. రెండు భాషల పేర్లు ఒకే సంచిలో కలిసి పనిచేయడం మన ప్రాంతపు ముచ్చట. స్కీ నిర్మాతకు కూడా మొదట కావలసినవి ఇవే. వీటికి తోడు పట్టీ రంపం, అంచులు మలచే రౌటర్ యంత్రం, మందం సరిచేసే ప్లేనర్, పదుల సంఖ్యలో క్లాంపులు, ఉక్కు అంచును నమూనాకు సరిగా వంచే చిన్న చక్రాల పరికరం అవసరమవుతాయి.

వడ్రంగి దుకాణంలో సాధారణంగా కనపడనివి రెండు. మొదటిది మూస. పొట్టు చెక్క పలకలను స్కీ పక్కరూపంలో, అంటే నడుమ విల్లువంపు, కొనల వద్ద పైకి లేచిన వంపు వచ్చేటట్లు కోసి వరుసగా నిలబెట్టి, పైన లోహపు రేకు పరుస్తారు. మూస ఎట్లున్నదో స్కీ అట్లే వస్తుంది. రెండవది ప్రెస్. పొరలన్నీ గాలి బుడగ లేకుండా అతుక్కోవాలంటే అంతటా సమానంగా ఒత్తిడి కావాలి. ఇందుకు రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటి మార్గం గాలి తీసివేసిన సంచి. కూర్పును ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపుతో గాలి లాగివేస్తే బయటి వాతావరణమే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో చొప్పున నొక్కుతుంది. 180 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు గల స్కీ వైశాల్యం 2,160 చదరపు సెంటీమీటర్లు. అంటే రెండు టన్నులకు పైగా బరువును ఖర్చు లేకుండా ఆకాశమే మోపుతున్నదన్నమాట. తొలిసారి చేసేవారికి ఇదే క్షేమకరం.

రెండవ మార్గం గాలి గొట్టపు ప్రెస్. పైన, కింద బలమైన ఉక్కు దూలాలు బిగించి, వాటి మధ్య మూసను, కూర్పును, అగ్నిమాపక దళం వాడే వంటి వెడల్పాటి గొట్టాన్ని ఉంచి అందులో గాలి నింపుతారు. చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల ఒత్తిడి ఇస్తే ఒక స్కీపై పడేది ఆరున్నర టన్నుల బలం. వెడల్పాటి స్నోబోర్డుకు ఇది పన్నెండు టన్నులు దాటుతుంది. ఈ బలం దూలాలను విడదీయడానికి నిరంతరం ప్రయత్నిస్తుంటుంది. కనుక లోహపు బలం, మరల బలం లెక్కవేయకుండా ప్రెస్ కట్టడం ప్రమాదకరం. ఒత్తిడిని అదుపుచేసే కవాటం తప్పక ఉండాలి. గాలి నింపేటప్పుడు గొట్టం కొనలకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

నిర్మాణ క్రమం

మొదట పలుచని పలకపై స్కీ ఆకారాన్ని గీసి, నమూనా కోసి, అంచును నునుపు చేయాలి. ఒక పక్క తప్పు రెండవ పక్కకు పాకకుండా సగం నమూనాను మాత్రమే చేసి, మధ్యగీత ఆధారంగా తిరగేసి రెండు పక్కలకూ వాడడం మేలు. ఆ నమూనాతో అడుగు పలకను కోసి, ఉక్కు అంచును వంచి, త్వరగా పట్టే జిగురు చుక్కలతో పలక చుట్టూ నిలపాలి. అంచుకు, పలకకు మధ్య సందు ఉండరాదు.

తరువాత మధ్య చెక్క. బద్దలు అతికించి, ఆరిన పిమ్మట మందం సరిచేయాలి. స్కీకైతే నడుమ సుమారు 11 మిల్లీమీటర్లు ఉండి, కొనల వైపు క్రమంగా 2 మిల్లీమీటర్లకు దిగాలి. స్నోబోర్డుకు నడుమ 7, 8 మిల్లీమీటర్లు చాలు. దాని వెడల్పే మిగిలిన బిగువును ఇస్తుంది. ఈ వాలు ఎక్కడా మెట్టువలె ఉండరాదు. మెట్టు ఉన్నచోటనే వంగుడంతా పోగుపడి చెక్క విరుగుతుంది.

ఇక అసలు ఘట్టం కూర్పు. జిగురు కలిపిన క్షణం నుండి గడియారం మొదలవుతుంది. కనుక ప్రతి పొరనూ ముందే కోసి, వరుసక్రమంలో పేర్చి, ఒకసారి పొడిగా కూర్చి చూసుకోవాలి. కింద నుండి పైకి వరుస ఇది : అంచులతో కూడిన అడుగు పలక, ఉక్కుపై రబ్బరు పట్టీ, గాజునార, మధ్య చెక్క, మళ్ళీ గాజునార, పై పొర. ప్రతి పొర మధ్యా జిగురు రాయాలి. గాజునార తెలుపు పోయి పారదర్శకంగా మారితే జిగురు తడిసిందని అర్థం. అంతకు మించిన జిగురు బరువు పెంచుతుందే కాని బలం పెంచదు.

కూర్పును మూసపై ఉంచి ప్రెస్ బిగిస్తారు. గది వేడిలో గట్టిపడే జిగురుకు సాధారణంగా ఒక రోజు పడుతుంది. విద్యుత్ కంబళి పరచి 70, 80 డిగ్రీల వేడి ఇస్తే, ఆ వేడికి తగిన జిగురు ఒక గంట ప్రాంతంలో గట్టిపడుతుంది. ఆ వేడిలోనే స్కీని బయటకు తీయరాదు. పాలిథిలీన్ వేడికి సాగే గుణం ఉక్కుకంటె పదిరెట్లకు పైగా ఎక్కువ. ఒత్తిడి కిందనే నెమ్మదిగా చల్లారనిస్తే పొరలు తమ ఆకారాన్ని నిలుపుకొంటాయి. తొందరపడి తీస్తే స్కీ మెలిపడుతుంది.

చల్లారిన తరువాత చుట్టూ పొంగిన జిగురును, మిగులు వస్త్రాన్ని పట్టీ రంపంతో కోసి, పక్కలు సానపట్టి, అడుగును చదును చేసి, ఉక్కు అంచులను ఆకురాయితో పదునుపెట్టి, వేడి మైనం పూయాలి. పిమ్మట వేలి కణుపుతో పొడవునా తట్టి చూడాలి. కుండ కొనేటప్పుడు మన ఆడవారు తట్టి చూసినట్లే ఇదీను. గట్టి ధ్వని వస్తే పొరలు అతికినట్లు, బోలు ధ్వని వస్తే లోపల విడిపోయినట్లు. బోలు స్కీని వాలు మీదకు తీసుకుపోరాదు. చివరగా రెండు కొనలకు ఆధారమిచ్చి, నడుమ తెలిసిన బరువులు ఉంచి, వంగుడును కొలిచి రాసుకోవాలి. జతలోని రెండు స్కీలూ సమానంగా వంగకపోతే ఎడమ మలుపు ఒక తీరుగా, కుడి మలుపు మరొక తీరుగా ఉంటుంది.

తప్పనిసరి జాగ్రత్తలు

గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే శరీరం దానిని సహించని స్థితికి వస్తుంది. ఒకసారి ఆ స్థితి వచ్చిన తరువాత కొద్దిపాటి స్పర్శకే దద్దుర్లు లేస్తాయి. కనుక నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. చేతికి అంటిన జిగురును సాల్వెంటుతో కడగరాదు. అది జిగురును చర్మంలోనికి మరింత చేరుస్తుంది. సబ్బునీరే మంచిది. కలిపిన జిగురును లోతైన పాత్రలో ఉంచితే అది తన వేడికి తానే మరిగి పొగలు గ్రక్కుతుంది. వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పోసుకోవాలి. గాజునారను కోసేటప్పుడు, సానపట్టేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ముక్కుకు తగిన ముసుగు, కళ్ళకు అద్దాలు, పనిశాలకు గాలి, వెలుతురు ఉండాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలికట్టు. పడిపోయినప్పుడు బూటును వదిలివేయడం స్కీ కట్టు బాధ్యత. అది వదలకపోతే మోకాలు మెలిపడుతుంది, ఎముక విరుగుతుంది. అందువల్ల ఇంట్లో స్కీ చేసుకొనే నిపుణులు సైతం కట్టును ఇంట్లో చేయరు. పరీక్షించిన కట్టును కొని, దాని బిగువును శిక్షణ పొందినవారి చేత సరిచేయించుకొంటారు. ఏది తాను చేయగలడో, ఏది చేయరాదో ఎరగడం కూడా పనితనంలో భాగమే.

ముగింపు

మన దేశంలో కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ స్కీ క్రీడకు పేరుపొందిన ప్రదేశాలు. గుల్‌మార్గ్ వాలులపై నేర్చిన ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌లో భారతదేశం పక్షాన పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు. నూట నలభై కోట్ల జనాభా గల దేశం నుండి ఒక్కడు. దీనికి కారణాలు పలు ఉన్నా, పరికరాల ఖరీదు వాటిలో ఒకటి అనడంలో సందేహం లేదు. హిమాలయ సానువులలో కలప ఉన్నది, కలపను ఎరిగిన పనివారు ఉన్నారు. ఆ చేతిపనికి ఈ శాస్త్రజ్ఞానం తోడైతే మంచు అంచున పుట్టిన పిల్లవానికి స్కీ అందని వస్తువు కాదు.

మనకు మంచు లేకపోయినా ఈ కథలో మనకు చెందిన పాఠం ఉన్నది. హెడ్ తొలి స్కీలు విరిగాయి. బర్టన్ నూరు పలకలు చేశాడు. వారిని నిలబెట్టినది ప్రతిభ ఒక్కటే కాదు, విరిగిన చోటును చూసే ఓపిక. విరిగినది ఎక్కడ, చెక్కలోనా, జిగురులోనా, లెక్కలోనా అని అడిగి సమాధానాన్ని పుస్తకంలో రాసుకొన్నవాని రెండవ జత మొదటిదానికంటె మెరుగవుతుంది. పరీక్ష పేపరులో దూలపు సూత్రం రాసి మార్కులు తెచ్చుకోవడం సులభం. అదే సూత్రం మీద నిలబడి కొండ దిగడానికి మాత్రం లెక్క, చేయి రెండూ నిజమై ఉండాలి. మన విద్యార్థులు తాము చదివే ప్రతి సూత్రాన్నీ ఒక్కసారైనా చేతితో పట్టి, బరువు మోపి చూడాలని, అందుకు తగిన ఒక చిన్న పనిశాల మన కళాశాల ఆవరణలో ఏర్పడాలని కోరుకొంటూ ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాను.